స్వాలోఫీల్డు భవనము - దాని యజమానులు

(గ్రంథాలయ రజతోత్సవ సభయందు చేసిన ఉపన్యాస పాఠము)



గ్రంథాలయమునకు ఇరువదియైదేండ్లు నిండిన ఈ శుభదినమున ఒక ఇంటి కథ చెప్పుట ఉచితమే. గ్రంథాలయమును ఒక ఇల్లే కదా. అందు మెలగువారు మారుచుందురు, ఇల్లు నిలుచును. అయితే నేటి ఉపన్యాసమునకు విషయమైన ఇల్లు మన మండలములోనిది కాదు. మన దేశములోనిదియు కాదు. ఆంగ్లదేశమున బర్కుషైరు మండలమున, రెడింగు పట్టణమునకు దక్షిణముగ కొన్ని మైళ్ల దూరమున స్వాలోఫీల్డు అను పల్లె కలదు. లాడను, బ్లాకువాటరు అను రెండు చిన్న నదులు దాని సమీపమున కలియుచున్నవి. ఆ పల్లెయందు విశాలమైన ఉద్యానము నడుమ నున్న భవనమునకు స్వాలోఫీల్డు పార్కు అని పేరు.

సముద్రముల కావలి పల్లెలోని ఇంటి సంగతి మనకేల యని కొందరికి తోపవచ్చును. ఆ ఇంటి జమాఖర్చును విప్పి చూచినచో జమ పక్షమున మూడు పద్దులు మన నేలవి కనబడును. మొదటిది కృష్ణాతీరపు వజ్రము. రెండవది హైదరాబాదు రూపాయలు. మూడవది మన బందరులో నాలుగు దినములు తలదాచుకొనిన ఒక తల్లి సొత్తు. కావున ఆ కథలో మనకును వాటా కలదు.

దస్తావేజులు చదువువారికి ఒక సంగతి తెలియును. అందు అమ్మినవారి పేరు, కొన్నవారి పేరు, నాలుగు ఎల్లలు, క్రయధనము ఉండును. ఆ ధనము ఎచ్చటనుండి వచ్చెనో మాత్రము ఉండదు. దస్తావేజు చెప్పని ఆ సంగతిని చెప్పవలసినది చరిత్ర. ఈ దృష్టితోనే స్వాలోఫీల్డు కథను వినవలెను.

1086వ సంవత్సరమున విలియము రాజు తాను జయించిన దేశపు భూములను లెక్కింపించి వ్రాయించిన డూమ్సుడే అను దండకవిలెలోనే స్వాలోఫీల్డు పేరు కలదు. తరువాతి అయిదు వందల యేండ్ల సంగతులను దాటి వచ్చినచో, 1582లో లండను వర్తక కుటుంబమునకు చెందిన సామ్యూలు బ్యాకుహౌసు అనునతడు ఈ ఎస్టేటును కొనెను. అతని కుమారుడు విలియము విద్వాంసుడు, రసవాదమునం దాసక్తుడు. హీనలోహమును బంగారముగ మార్చు విద్యయే రసవాదము. అందుకు సాధనమైన మణిని మనవారు పరుసవేది యందురు. వేమన యోగిని గూర్చిన జనశ్రుతులు విన్నవారికి ఈ మాట క్రొత్తది కాదు.

ఎలియాసు ఆష్మోలు అను పండితుడు ఈ విలియమునకు శిష్యుడు. 1651లో గురువు తనను పుత్రునిగ స్వీకరించెననియు, 1653లో జబ్బుపడి, తాను బ్రతుకనేమో యని తలచి, పరుసవేది రహస్యమును తన చెవిలో చెప్పెననియు ఆష్మోలు తన దినచర్యలో వ్రాసికొనెను. 1683లో ఆక్సుఫర్డున తెరవబడిన ఆష్మోలియను ప్రదర్శనశాల ఈతని పేరనే వెలసినది. రహస్యము చెప్పుటయు వినుటయు జరిగెను గాని, స్వాలోఫీల్డున ఇనుము బంగారము కాలేదు. గురువు ఆ జబ్బునుండి కోలుకొని, మరి తొమ్మిదేండ్లు జీవించి, 1662లో గతించెను. ఒక రాయి బంగారమును కురిపించు విద్యకై ఆ ఇంట ఒక పండితుడు జీవితము గడపెనను మాటను సభవారు జ్ఞప్తియం దుంచుకొనవలెను. ఆ రాయి అరువదియేండ్లు కాకమునుపే ఆ ఇంటికి ఫలమిచ్చినది. అది వచ్చినది మాత్రము పండితుని కొలిమినుండి గాక మన కృష్ణానది యొడ్డునుండి.

విలియము కుమార్తె పేరు ఫ్లవరు, అనగా పుష్పము. ఇల్లు ఆమెకు సంక్రమించెను. ఇరువురు భర్తలు గతింపగా, 1670లో ఆమె హెన్రీ హైడు అను ప్రభువంశీయుని వివాహమాడెను. ఇతడే తరువాత రెండవ క్లారెండను ప్రభువైనవాడు. 1685 అక్టోబరున ఈవిలిను అను ప్రసిద్ధ దినచర్యాకర్త ఇచ్చటికి అతిథిగ వచ్చి, వేయి ఆపిలు చెట్ల తోటను, నీటి కాలువలను, చేపల సమృద్ధిని చూచి మెచ్చుకొనెను. పుష్పముల విద్యయందు గృహిణిని, చెట్లు నాటు శ్రద్ధయందు గృహస్థుని ఆయన ప్రశంసించెను. పుష్పమను పేరు సార్థకమైనదన్న మాట.

క్లారెండను ప్రభువు సోదరి ఆన్ హైడు. ఆమె భర్త తరువాత రెండవ జేమ్సు రాజయ్యెను. కావున రాజు ఇతనికి బావ. 1688లో ఆ రాజు దేశము విడిచి పారిపోగా, రాజు కుమార్తె మేరీయు, ఆమె భర్త విలియమును సింహాసన మధిష్ఠించిరి. మేరీ క్లారెండనుకు స్వయాన మేనకోడలు. అయినను ఆయన ఆమెకు విధేయతా ప్రమాణము చేయుటకు సమ్మతింపలేదు. ఒకసారి జేమ్సు రాజునకు ప్రమాణము చేసిన నోటితో, ఆ రాజు బ్రతికియుండగా మరియొకరికి ప్రమాణము చేయరాదని ఆయన మతము. తిన్న ఉప్పును తలచి కౌరవ పక్షమున నిలిచిన భీష్ముడు మనకు స్ఫురించును. ఫలితముగ 1690లో ఆయన లండను కోటలో ఖైదు చేయబడెను. కొలువు పోయి, కారాగారము ప్రాప్తించిన ఆ దినములలోనే స్వాలోఫీల్డున క్రొత్త ఇల్లు లేచుచుండెను. 1689లో విలియము టాల్మను అను శిల్పి పాత ఇంటి స్థానమున దానిని నిర్మింప మొదలిడెను. టాల్మను నిర్మించిన ద్వారమొకటి తరువాతి కాలమున తోట వాకిలిగ నిలుపబడినది. 1700లో ఫ్లవరు, 1709లో ప్రభువు కాలధర్మము చెందిరి.

ఇక మొదటి పద్దు.

తామసు పిట్టు అను ఆంగ్ల వర్తకుడు తొలుత కంపెనీవారి అనుమతి లేకుండ హిందూదేశమున వ్యాపారము చేసి, వారి ఆగ్రహమునకు పాత్రుడై జరిమానా చెల్లించినవాడు. వానిని తోలివేయుటకంటె చేర్చుకొనుటయే మేలని కంపెనీవారు గ్రహించిరి కాబోలు, 1698లో ఆతనిని చెన్నపట్టణపు సెంటు జార్జి కోటకు గవర్నరుగ నియమించిరి. 1709 వరకు ఆతడా పదవియం దుండెను. జమ్‌చందు అను వజ్రవర్తకుడు ఒక పెద్ద ముడి వజ్రమును ఆతనియొద్దకు తెచ్చెను. దాని తూకము 410 కారట్లు. వర్తకుడు మొదట అడిగిన వెల రెండు లక్షల వరహాలు. పలుమారులు బేరము సాగి, తుదకు 48,000 వరహాలకు తెగెను. వరహా ఒక్కింటికి ఎనిమిదిన్నర షిల్లింగుల చొప్పున లెక్కించినచో ఇది 20,400 పౌనులు. 1702లో పిట్టు దానిని తన కుమారునిచేత సీమకు పంపెను. అచ్చట సాన పట్టుటకు రెండేండ్లు పట్టెను. 410 కారట్ల రాయి 140 కారట్ల పైచిలుకు రత్నమై వెలువడెను. 1717లో ఫ్రాన్సు రాజప్రతినిధియైన ఓర్లియన్సు ప్రభువు దానిని 1,35,000 పౌనులకు కొనెను. అందువలననే అది నేటికిని రీజెంటు వజ్రమని పిలువబడుచున్నది. కొన్న వెలకు ఆరున్నర రెట్ల పైచిలుకు వెల పలికిన రాయి అది. ఆ వజ్రము అమ్మిన కొలది కాలమునకే పిట్టు స్వాలోఫీల్డును కొని, 1726లో ఆ ఇంటనే కన్నుమూసెను.

ఈ రాయి కృష్ణాతీరపు గనులలో దొరకినదని ప్రసిద్ధి. కొల్లూరు గనిని పదునేడవ శతాబ్దిలో స్వయముగ దర్శించిన తావెర్నియే అను ఫ్రెంచి రత్నవర్తకుడు, అచ్చట స్త్రీలు, పురుషులు, పిల్లలు కలిసి సుమారు అరువదివేలమంది పని చేయుచుండిరని వ్రాసెను. పురుషులు మన్ను త్రవ్వగా స్త్రీలును పిల్లలును దానిని మోసిరి. అట్టి గనులలోని ఒక కూలివాడు ఈ వజ్రమును కాలి గాయములో దాచుకొని పారిపోయెననియు, ఓడ నాయకుడొకడు వానిని చంపి దాని నపహరించెననియు ఒక కథ ప్రచారమున నున్నది. ఇది కథయే గాని నిర్ధారణ లేదు. అయినను పిట్టు జీవించియున్న కాలముననే ఆ వజ్రమును ఆతడు అక్రమముగ సంపాదించెనను మాట లోకమున ప్రాకెను. ఆ అపవాదు ఆతనిని ఎంత బాధించెననగా, 1710లో స్వదేశమునకు మరలుచు నార్వే దేశపు బెర్గెను రేవున ఆగినప్పుడు, తాను ఆ రాతిని న్యాయముగ బేరమాడి కొంటినని ప్రమాణపూర్వకముగ ఒక వాఙ్మూలమును వ్రాసిపెట్టెను. దానియందలి లెక్కలే పైన చెప్పబడినవి. గవర్నరు చేతిలోని వరహాలకు లెక్క కలదు. వర్తకుని బేరమునకు లెక్క కలదు. మన్ను త్రవ్విన చేతులకు ముట్టిన కూలి యెంతయో ఆ వాఙ్మూలమున లేదు. వారిలో ఒక్కరి పేరును ఆ వజ్రపు కథలో కానరాదు.

ఆ వజ్రము ఫ్రాన్సు రాజుల కిరీటములను, నెపోలియను చక్రవర్తి ఖడ్గపు పిడిని అలంకరించి, ఇప్పుడు పారిసులోని లూవ్రు ప్రదర్శనశాలయం దున్నది. కొల్లూరు గ్రామము పులిచింతల జలాశయమున మునిగిపోయినది. రాయి గాజు పెట్టెలో వెలుగుచున్నది. దానిని కన్న నేల నీటి క్రింద నున్నది.

పిట్టు మనుమడైన పెద్ద విలియము పిట్టు ఆంగ్లరాజ్యమున యుద్ధమంత్రియై ప్రఖ్యాతి గాంచెను. ఆయన మంత్రిత్వకాలముననే, 1759లో, మచిలీపట్టణపు కోటను కంపెనీ సేన ఫ్రెంచివారినుండి గైకొనెను. అటు తరువాతనే ఉత్తర సర్కారులు కంపెనీ క్రిందికి వచ్చెను. గంజామునుండి గుంటూరువరకు గల ఆ సీమకు ప్రతిఫలముగ కంపెనీవారు నిజాము ప్రభువునకు సాలుకు ఏడు లక్షల రూపాయల పేష్కషు చెల్లించునట్లు తుదకు స్థిరపడెను. ఈ ఏడు లక్షల మాట మరల వచ్చును.

పిట్టు వంశీయుల తరువాత ఇల్లు పలుచేతులు మారెను. రెడింగు పట్టణమునకు పార్లమెంటు సభ్యుడైన జాన్ డాడ్డు అందు చిరకాలము వసించెను. మరి ఇరువురు చేతులు దాటి, 1820లో అది రస్సెలు కుటుంబమువారి దయ్యెను. ఆ కుటుంబమున తండ్రికొడుకు లిరువురి పేరును హెన్రీ రస్సెలే. ఇరువురును హిందూదేశమున పెద్ద ఉద్యోగములు చేసినవారే. అయినను పేరు ఒకటియైన మాత్రమున నడత ఒకటి కానక్కరలేదు.

తండ్రి కలకత్తాలోని సుప్రీము కోర్టున ప్రధాన న్యాయమూర్తి. 1808లో ఆయన యెదుటికి ఒక అభియోగము వచ్చెను. కంపెనీ కొలువులో నున్న జాన్ గ్రాంటు అను తెల్ల యువకుడు ఒక దేశీయుని గుడిసెకు బుద్ధిపూర్వకముగ నిప్పు పెట్టెను. నేరము రుజువయ్యెను. ఈ దేశస్థుల మానమును, ధనమును, ప్రాణమును కాపాడుట ధర్మమనియు, ఆ రక్షణము కలిగినంత కాలమే వారు మనయెడ విశ్వాసము చూపుదురనియు పలికి, న్యాయమూర్తి ఆ యువకునికి మరణదండన విధించెను. ఒక పేదవాని గుడిసెకు ఆనాడు కలిగిన ఆ గౌరవము స్మరింపదగినది. ఈయన 1836లో స్వాలోఫీల్డున గతించెను.

కుమారుడు చిన్నవయసుననే హైదరాబాదులోని బ్రిటిషు రెసిడెంటు కచేరిలో సహాయకుడుగ చేరి, 1811 చివరనుండి 1820 వరకు తానే రెసిడెంటుగ అధికారము నెరపెను. ఇతని కాలమున 1813 ప్రాంతమున నిజాము సేనలో ఒక భాగము ఇంగ్లీషు దొరల చేతిక్రింద రస్సెలు బ్రిగేడు అను పేరుతో ఏర్పడెను. దొరల పెత్తనము, నిజాము ఖర్చు. దివాను పని చూచుచున్న రాజా చందూలాలు ఆ జీతములకై పామరు కంపెనీ అను వడ్డీ వ్యాపార సంస్థ యొద్ద అప్పులు చేసెను. అప్పుకు బదులు గ్రామముల శిస్తులు ఆ కంపెనీకి వ్రాసి యీయబడెను. అనగా నాగలి పట్టినవాని శిస్తు, సిపాయి జీతమునకై తెచ్చిన అప్పునకు వడ్డీగ పోయెను. ఆ అప్పుల కామోదము తెలుపవలసిన అధికారి రెసిడెంటు. ఆ రెసిడెంటు సొమ్మే పామరు కంపెనీయందు మదుపు పెట్టబడియుండెనని పరిశోధకులు తేల్చిరి. కాపలాదారుడును పంటలో భాగస్థుడైనచో ధాన్యపు కొట్టు గతి యేమగునో గృహస్థులకు చెప్పనక్కరలేదు.

1820లో రస్సెలు పదవి వీడి సీమకు మరలెను. ఆతని స్థానమునకు వచ్చిన చార్లెసు మెట్కాఫు లెక్కలు విప్పించి చూచి, ఆ యేటనే పెట్టబడిన అరువది లక్షల రూపాయల అప్పును, అంతకు ముందటి వడ్డీల కుప్పను బయటపెట్టెను. రచ్చ గవర్నరు జనరలు వరకు పోయెను. తుదకు 1823లో ఆ అప్పు తీర్చుటకు ఒక ఉపాయము చేయబడెను. ఉత్తర సర్కారుల నిమిత్తము కంపెనీ సాలుసాలుకు చెల్లించు ఏడు లక్షల పేష్కషును శాశ్వతముగ రద్దు చేసి, అందుకు బదులు ఒక్క మొత్తముగ 1,16,66,666 రూపాయలు నిర్ణయించిరి. నూటికి ఆరు వంతున వడ్డీ కట్టి చూచినచో ఈ అసలునకు సాలుకు వచ్చునది సరిగ ఏడు లక్షలే. లెక్క అణా పైసలతో సరిపోయినది. నిజామునకు రావలసిన శాశ్వతాదాయము అప్పులవారి పాలయ్యెను. మన సర్కారు సీమపై నిజామునకు మిగిలిన హక్కును దానితో తీరిపోయెను. గోదావరి, కృష్ణా, గుంటూరు సీమల పేరుమీది సొమ్ము హైదరాబాదు అప్పునకు చెల్లు పడిన ఈ వ్యవహారమును పాఠశాలల పుస్తకములు రెండు పంక్తులలో ముగించును. ఇది రెండవ పద్దు.

మూడవ పద్దు ధనము కాదు. రెండు గజముల చిత్రపటము.

రస్సెలునకు ముందు, 1798 మొదలు 1805 వరకు, హైదరాబాదున రెసిడెంటుగ నున్నవాడు జేమ్సు అకిలీసు కిర్కుపాట్రికు. హైదరాబాదు కోఠీలో నేడు మహిళా విశ్వవిద్యాలయమునకు నిలయమైన తెల్లని స్తంభముల భవనము ఆయన కట్టించినదే. ఆయన పారసీకము నేర్చి, ఆ నగరపు వేషభాషల నాదరించి, ఖైరున్నిసా అను కులీన కన్యను వివాహమాడెను. వారికి 1801లో కుమారుడు, 1802లో కుమార్తె కలిగిరి. తల్లి పిలుచుకొనిన పేర్లు సాహెబ్ ఆలం, సాహెబ్ బేగం. సీమలో చదువు చెప్పించుటకై 1805లో తండ్రి ఆ పసివారిని చెన్నపట్టణమునుండి ఓడ నెక్కించెను. బయలుదేరుటకు ముందు జార్జి చిన్నెరీ అను చిత్రకారుడు ఆ అన్నచెల్లెండ్రను హైదరాబాదు దర్బారు దుస్తులలో నిలువెత్తుగ చిత్రించెను. పిల్లలు తల్లికి ఇక మిగిలినది ఆ పటమే. ఆ యేడు అక్టోబరు 15వ తేదీన తండ్రి కలకత్తాలో జ్వరపీడితుడై మరణించెను. ఓడలోని పిల్లలు ఆ సంగతి నెరుగరు.

భర్త సమాధిని చూచుటకై ఖైరున్నిసా కలకత్తా వరకు ప్రయాణము చేసెను. అప్పటికి రస్సెలు అచ్చట నుండెను. కిర్కుపాట్రికు ఆస్తి వ్యవహారములు చక్కబెట్టు భారము ఆతనిపై నుండెను. ఆ యిరువుర నడుమ అనురాగము కలిగెను. నగరమున అపవాదు చెలరేగి, ఆమెకు హైదరాబాదు ప్రవేశము నిషిద్ధమయ్యెను. ఇరువది యేండ్లు దాటీదాటని ఆ స్త్రీ తన తల్లితో మచిలీపట్టణము చేరి, రస్సెలు వచ్చునని ఎదురు చూచెను. 1808లో రస్సెలు చెన్నపట్టణమున మరియొక కన్యను వివాహమాడెను. బందరు సముద్రపు టొడ్డున ఆ వార్త విన్న దినమున ఆమె మనఃస్థితి యెట్లుండెనో సభవారే యూహించుకొనవలెను. పిల్లలు సముద్రమున కావల; భర్త సమాధియందు; నమ్మినవాడు పరాయివాడు. తరువాత హైదరాబాదు చేరనిచ్చిరి గాని, 1813 సెప్టెంబరు 22న, ఇరువది యేడేండ్ల వయసున ఆమె కన్నుమూసెను. పిల్లలను మరల చూడలేదు. ఆ చిత్రపటము రస్సెలు చేతికి చేరెను. ఆతడు దానిని సీమకు గొనిపోయి స్వాలోఫీల్డు గోడకు వ్రేలాడదీసెను.

సీమ చేరిన పిల్లలకు క్రొత్త మతమును, విలియము, కాథరీను అను క్రొత్త పేర్లును ఇచ్చిరి. తల్లి వైపువారితో ఉత్తర ప్రత్యుత్తరములు లేకుండ పెంచిరి. అన్న 1828లో గతించెను. చెల్లెలిని అందరు కిట్టీ యని పిలిచిరి. యౌవనమున ఆమెను చూచిన తామసు కార్లైలు అను మహారచయిత తన గ్రంథములోని నాయికకు ఆమెయే మూలమని లోకమున వాడుక. 1829లో ఆమె ఫిలిప్సు అను సైనికాధికారిని వివాహమాడి గృహిణియై స్థిరపడెను.

ఆ కిట్టీ ఒకనాడు స్వాలోఫీల్డునకు అతిథిగ వచ్చెను. గోడవైపు చూచెను. అచ్చట తన అన్న నిలిచియుండెను; ప్రక్కన, మూడేండ్ల వయసున, తాను నిలిచియుండెను. తాను తొడిగిన దుస్తులు, తన తల్లి ఇంటి దుస్తులు, ఒక పరాయి ఇంట, పరాయి గోడపై. ఆమె పొంగివచ్చు దుఃఖమును ఆపుకొనజాలక ఏడ్చెను. శకుంతలకు ఉంగరము జాలరి చేతినుండి రాజుకడకు పోయి జ్ఞాపకమును మేల్కొలిపినట్లు, ఈమెకు ఈ పటము మరచిన మాతృగృహమును కనులయెదుట నిలిపెను.

1841లో, హైదరాబాదున అమ్మమ్మ షరఫున్నిసా బేగం ఇంకను బ్రతికియున్నదని తెలిసి, కిట్టీ ఆమెకు ఉత్తరము వ్రాసెను. ఓడ ఎక్కి అప్పటికి ముప్పదియారేండ్లు. వృద్ధురాలు పారసీకమున బదులు వ్రాయించి, తన కుమార్తె తలవెండ్రుకల కుచ్చును దాచియుంచినది తీసి పంపెను. ఒకరి భాష నొకరు చదువలేక, చదివి వినిపించు వారి నోటి మాటలతో ఆ యిరువురు ఆరేండ్లు ఉత్తరములు జరుపుకొనిరి. 1847లో అమ్మమ్మ గతించెను. వారు మరల కలిసికొనలేదు.

1852లో హెన్రీ రస్సెలు మరణించెను. తన మరణశాసనమున ఆ చిత్రపటమును కిట్టీకి వ్రాసియిచ్చెను. యౌవనమున చేసిన దోషమునకు వార్ధకమున కలిగిన పశ్చాత్తాపమో, ధర్మము తెలిసినవాని కడపటి చెల్లింపో, ఆతని అంతరాత్మకే తెలియును. లెక్క వ్రాయువాడు మాత్రము ఒక్క మాట చెప్పగలడు. మన నేలనుండి ఆ ఇంటి జమకు పోయిన మూడు పద్దులలో ఇదొక్కటియే తిరిగి హక్కుదారునకు చెల్లు పడినది. వజ్రమునకు చెల్లు లేదు. శిస్తు కట్టిన రైతునకు చెల్లు లేదు. పటము బిడ్డకు చేరెను గాని, దానిని కనిపెట్టుకొని కూర్చున్న తల్లికి చెల్లు పడలేదు. 1889లో కిట్టీ కాలధర్మము నొందెను. ఆ చిత్రము నేడు హాంకాంగున ఒక బ్యాంకువారి సొత్తుగ నున్నది.

స్వాలోఫీల్డు తరువాతి చరిత్రను క్లుప్తముగ చెప్పవచ్చును. మేరీ రస్సెలు మిట్ఫర్డు అను రచయిత్రి, మా ఊరు అను అర్థము గల పేరుతో తన పల్లెటూరి ముచ్చట్లను గ్రంథముగ వ్రాసి దేశమంతట పేరు గాంచినది, 1851లో ఈ గ్రామమున కాపురము పెట్టి 1855లో ఇచ్చటనే గతించెను. ఆమె సమాధి స్వాలోఫీల్డు చర్చి ఆవరణమున నున్నది. రెసిడెంటు కుమారుడైన చార్లెసు రస్సెలు 1854లో ఇంకర్మాను యుద్ధమున సాహసించి విక్టోరియా క్రాసు పొందెను. ఆతని తమ్ముడు జార్జి భార్య కాన్‌స్టెన్సు. ఆమె ఇంటి బీరువాలలోని ఉత్తరములను, పాత లెక్కలను చదివి, 1901లో స్వాలోఫీల్డును గూర్చియు దాని యజమానులను గూర్చియు ఒక పెద్ద గ్రంథము ప్రకటించెను. ఇరువదవ శతాబ్ది ద్వితీయార్ధమున ఇల్లు రస్సెలుల చేయి దాటెను. ఇప్పుడది పలు వాటాలుగ విభజింపబడి అనేక కుటుంబములకు నివాసమైనది. పరుసవేది వెదకిన పండితుడు, ప్రమాణమునకై ఖైదుకు పోయిన ప్రభువు, వజ్రపు పిట్టు, రెసిడెంటు - అందరును అద్దెకున్నవారివలె వచ్చి పోయిరి.

సభాసదులారా! ఈ కథనుండి ఈ గ్రంథాలయమునకు ఒక ఉపదేశము కలదు. ఇల్లాలైన ఆ కాన్‌స్టెన్సు తన ఇంటి కాగితములను చెదలకు విడువక చదివి వ్రాసినందుననే ఆ పల్లె ఇంటి కథ లోకమున నిలిచినది. మన గ్రామములలో అంతకంటె ప్రాచీనమైన ఇండ్లు, చావడులు, చెరువులు, దిగుడుబావులు కలవు. వాని కథలు వృద్ధుల నాలుకల మీద నున్నవి. అటకలమీది తాటాకు కట్టలు, కైఫీయతులు, పాత దస్తావేజులు ఏటేట చివుకుచున్నవి. ఆ గనులలోని అరువదివేలమంది పేర్లు ఏల దక్కలేదు? వ్రాసియుంచువారు లేకపోవుటచేతనే. చెరువు త్రవ్విన కూలివాని పేరు, బావికి ఒరలు దించినవాని పేరు, ఇల్లు కట్టిన మేస్త్రి పేరు, ఆ ఇంటిలో ఏడ్చిన ఆడుదాని పేరు దస్తావేజున ఉండవు, పుస్తకమున ఉండవచ్చును.

కావున రాబోవు ఇరువదియైదేండ్లలో ఈ గ్రంథాలయమువారు కొనిన గ్రంథములతో పాటు, వ్రాయించిన గ్రంథమొకటి అలమరలో నుంచవలెను. చదువుకొన్న యువతీయువకులు సాయంకాలమున ఒక గంట పెద్దలయొద్ద కూర్చుండి, ఒక్కొక్క ఇంటి సంగతిని, ఒక్కొక్క వీధి సంగతిని ఉన్నదున్నట్లు వ్రాయవలెను. అందు గొప్పవారి కొనుగోళ్లు మాత్రమే గాక, కష్టించినవారి పద్దులును ఎక్కవలెను. విన్నకథ యని తోచినదానిని కథయనియే వ్రాయవలెను. లెక్క దొరకినచోట లెక్క వ్రాయవలెను. స్వర్ణోత్సవమునాడు ఈ వేదికనుండి ఆ గ్రంథమును చదివి వినిపించినచో, ఈ రజతోత్సవము సఫలమైనట్లే.

సరస్వతీదేవి ఈ గృహమున స్థిరనివాసము చేయుగాక! స్వస్తి.